పులికాట్ ఒడ్డు ఊళ్లలో సర్వే: నీళ్లలో, వలలో వచ్చిన మార్పు గురించి జనాన్ని ఎలా అడగాలి?

మనుషులు చేసే పనుల వల్ల తమ చుట్టూ ఏం మారుతోందని తీరప్రాంత ప్రజలు అనుకుంటున్నారు? దీన్ని సక్రమంగా అడిగి తెలుసుకోవడం ఎలాగని తిరుపతి కాలేజీల విద్యార్థులు, ఒడ్డు ఊళ్లలో పనిచేసే సంఘాలవాళ్లు తరచూ అడుగుతున్నారు. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల ఊళ్లను దృష్టిలో పెట్టుకొని రాసిన మార్గదర్శి ఇది. ముగ్గురు మనుషులుంటే ఒక ఊరి సర్వే వారంలో పూర్తవుతుంది.

మొదటి ఇంటి నుంచి ఆఖరి నివేదిక దాకా ఒక్క నియమం పాటించండి. జనం ఏమనుకుంటున్నారో అడిగే ముందు ఏం చూశారో అడగండి. ఎక్కడ చూశారు, ఏ నెలలో చూశారు, ఏ చేపతో చూశారు అని అడగండి. ఈ వరుస తప్పితే పేపర్లో వచ్చిన మాటలే మీకు తిరిగి వినిపిస్తాయి.

1. ప్రశ్నను ఒక వాక్యంలోకి తెచ్చుకోండి

"తీరంలో కాలుష్యంపై ప్రజాభిప్రాయం" అనేది శీర్షికగా పనికొస్తుందేమో కానీ ప్రశ్నగా పనికిరాదు. ఇలా రాసుకోండి: "ఈ ఊళ్లో సరస్సు మీద బతికేవాళ్లు గత పదేళ్లలో నీళ్లలో, చేపల్లో ఏ మార్పులు చూశారు? వాటిలో వేటికి మనుషులే కారణం అంటున్నారు?"

ఊరు, కాలం, మనుషులు, విషయం అనే నాలుగూ ఆ వాక్యంలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటి తక్కువైనా ఇంకా ఊరికి బయల్దేరకండి.

2. వెళ్లే ముందు ఆ నీళ్ల గురించి తెలుసుకోండి

పులికాట్ ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి ఉంది. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నదుల మంచినీళ్లు ఒకవైపు నుంచి, ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు మరోవైపు నుంచి వస్తాయి. ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రపు నీళ్లూ లోపలికి రావు, వాటితో రావలసిన చేప పిల్లా రొయ్య పిల్లా రావు. రాయదొరువు ముఖద్వారం గురించి జాలర్లు మాట్లాడేది అందుకే.

సరస్సు లోతు తక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలకు నిండుతుంది. ఎండాకాలంలో ఉత్తర భాగంలో చాలాచోట్ల నేల తేలుతుంది, మిగిలిన నీళ్లు సముద్రం కన్నా ఉప్పెక్కుతాయి. కాబట్టి "చేపలు తగ్గాయి" అన్న మాట ఏప్రిల్‌లో చెబితే ఒక అర్థం, జనవరిలో చెబితే వేరే అర్థం. నెల రాయని జవాబును లెక్కలోకి తీసుకోకండి.

స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వస్తుంది. ఒడ్డువాళ్లు "పైనుంచి వచ్చే నీళ్లు" అంటే అందులో మన పట్నాల వాటా కూడా ఉండొచ్చు. తిరుపతి నుంచి వెళ్లే విద్యార్థి ఈ సంగతి గుర్తుంచుకొని వినాలి.

పాత లెక్కలు వెతికేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 జనగణనలో ఈ మండలాలన్నీ నెల్లూరు జిల్లా కింద ఉంటాయి. తిరుపతి పేరుతో వెతికి, దొరకలేదని వదిలేయకండి.

3. అనుమతులు, పరిచయాలు

- సర్పంచ్‌ను, పంచాయతీ కార్యదర్శిని కలిసి ఒక పేజీ వివరం ఇవ్వండి. ఎవరు మీరు, ఏం అడుగుతారు, ఎన్ని రోజులుంటారు, ఫలితం ఎప్పుడు తెచ్చి చూపిస్తారు అన్నవి అందులో ఉండాలి.
- జాలరి వాడలో కుల పెద్దల మాటకు విలువ ఎక్కువ. సర్పంచ్ సరేనన్నారు కదా అని వాళ్లను కలవకుండా వీధిలోకి వెళితే మొదటి రోజే తలుపులు మూసుకుంటాయి.
- యానాదుల వాడలో విడిగా మాట్లాడండి. పెద్ద ఊరి పెద్దలు వాళ్ల తరఫున సరే అనడం సరిపోదు.
- పక్షుల అభయారణ్యం హద్దుల్లోకి అడుగుపెట్టాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. శ్రీహరికోట వైపు భద్రతా ఆంక్షలున్నాయి. అక్కడ ఫోటోలు, డ్రోన్లు పూర్తిగా మానేయండి.
- తడ వైపు ఊళ్లలో, దీవుల్లో తమిళం మాట్లాడే ఇళ్లు ఉంటాయి. మీ ముగ్గురిలో ఒకరికి తమిళం వచ్చి ఉండాలి. పక్కింటివాళ్లతో అనువాదం చేయించుకుంటే జవాబు ఇద్దరిదీ కలిసిపోతుంది.

4. ఎన్ని ఇళ్లు, ఏ ఇళ్లు, ఇంట్లో ఎవరు

ఊళ్లో 240 ఇళ్లున్నాయనుకుందాం. సర్వేలో వచ్చే శాతానికీ ఊరి అసలు శాతానికీ పది శాతం అటూ ఇటూ తేడా ఉన్నా చాలనుకుంటే పెద్ద జనాభాకు 96 మంది కావాలి. చిన్న ఊరికి ఆ సంఖ్యను తగ్గించుకోవచ్చు: 240ని 96తో గుణించి, 240కి 96 కలిపి ఒకటి తీసేస్తే వచ్చే 335తో భాగించండి. దాదాపు 69 వస్తుంది. అయిదు శాతం తేడాలోనే ఉండాలంటే ఇదే ఊళ్లో 148 ఇళ్లు తిరగాలి. విద్యార్థి ప్రాజెక్టుకు 69 చాలు.

240ని 69తో భాగిస్తే మూడున్నర వస్తుంది. మూడింటికొకటి చొప్పున తీసుకోండి, 80 ఇళ్లవుతాయి. ఒకటి, రెండు, మూడు అని చీటీలు వేసి మొదటి ఇల్లు ఎంచుకోండి. ఎక్కువ వచ్చిన 11 ఇళ్లు తాళం వేసిన ఇళ్లకు, వద్దన్నవాళ్లకు సరిపోతాయి. తాళం ఉంటే వేరే వేళల్లో మరో రెండుసార్లు వెళ్లాక వదిలేయండి. పక్కింటికి మాత్రం మారకండి. ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లే దొరికితే వేటకు వెళ్లేవాళ్ల గొంతు తగ్గిపోతుంది.

జాబితాలో బేసి ఇంట్లో మగవాళ్లను, సరి ఇంట్లో ఆడవాళ్లను అడగండి. ఇది చాలామంది పాటించరు. చేపలు అమ్మే ఆడవాళ్లకు ఏ చేప తగ్గింది, ఏది చిన్నదైంది, ఏ ధర పలికింది అన్న లెక్క మగవాళ్ల కన్నా గట్టిగా గుర్తుంటుంది. గంపలోకి ఎత్తేది వాళ్లే కదా.

చిన్న గుంపుల విషయంలో జాగ్రత్త. యానాది ఇళ్లు 15 ఉంటే మూడింటికొకటి చొప్పున 5 మాత్రమే పడతాయి. చేతులతో పీతలు, రొయ్యలు పట్టేవాళ్లు నీటి అడుగును అందరికన్నా దగ్గరగా ఎరిగినవాళ్లు. ఆ 15 ఇళ్లూ తిరగండి. ఊరి మొత్తం శాతాలు కట్టేటప్పుడు మాత్రం ఎంపికలో పడిన 5 ఇళ్లనే కలపండి, మిగతావి విడిగా చూపండి.

జాబితా పూర్తయ్యాక ఈ వర్గాలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

- సముద్రంలో వేటకు వెళ్లేవాళ్లు
- సరస్సులో వేట చేసేవాళ్లు
- చేపలు అమ్మే, ఎండబెట్టే ఆడవాళ్లు
- రొయ్యల చెరువుల యజమానులు, అక్కడి కూలీలు (ఇద్దరినీ వేర్వేరుగా)
- ఒడ్డు పక్కన సేద్యం చేసే రైతులు
- 30 ఏళ్ల లోపువాళ్లు, 50 దాటినవాళ్లు

వయసు ఎందుకంటే, ప్రతి తరం తాను చిన్నప్పుడు చూసిన సరస్సునే అసలు సరస్సు అనుకుంటుంది. చేపల శాస్త్రవేత్త డానియల్ పాలీ 1995లో ఈ సంగతిని ఎత్తిచూపాడు. పాతికేళ్ల కుర్రాడు "పెద్దగా ఏమీ మారలేదు" అంటే అతను అబద్ధం చెబుతున్నట్టు కాదు, అతని కొలబద్ద అక్కడ మొదలైంది. అందుకే అందర్నీ "మీకు ఊహ తెలిసినప్పుడు" అని అడగాలి, ఆ సంవత్సరం ఏదో పక్కన రాయాలి.

5. ప్రశ్నల వరుస

వరుస తప్పితే మొత్తం సర్వే పాడవుతుంది. ఇలా వెళ్లండి:

1. పని గురించి: "ఈ వారం వేటకు వెళ్లారా అన్నా? ఏం పడ్డాయి?"
2. తెరిచి ఉంచిన ప్రశ్న: "మీకు ఊహ తెలిసినప్పటికీ ఇప్పటికీ ఈ నీళ్లలో ఏం తేడా ఉంది?" ఇక్కడ చేప, ప్లాస్టిక్, చెరువు అనే మాటలు మీ నోటి నుంచి రాకూడదు.
3. చెప్పిన ప్రతి మార్పుకూ: ఎక్కడ, ఎప్పటినుంచి, మీ కళ్లతో చూశారా, ఎవరైనా చెప్పారా?
4. కారణం: "ఇది ఎందుకు జరిగిందంటారు?"
5. చింతగింజల పంపకం (కింద ఉంది).
6. "ఎవరు ఏం చేస్తే బాగుంటుంది? మీరు చేయగలిగేది ఏమైనా ఉందా?"
7. వయసు, చదువు, జీవనాధారం. ఇవి చివర్లోనే.

"పర్యావరణం" అన్న మాట ప్రశ్నల్లో రానివ్వకండి. అది విన్నాక చాలామంది బడిలో పాఠం అప్పజెప్పినట్టు జవాబిస్తారు. నీళ్లు, ఒడ్డు, వల, బోరు నీళ్లు, పక్షులు అని అడగండి. ముఖద్వారాన్ని ఆ ఊళ్లో ఏమంటారో మొదటి రోజే తెలుసుకొని ఆ పేరే వాడండి. చేపల పేర్లూ అంతే: మడవ, జెల్ల, పీత అని పేరుతో అడగాలి. "మత్స్య సంపద" అనకూడదు.

పనికిరాని ప్రశ్న: "రొయ్యల చెరువుల వల్ల సరస్సు పాడైందని మీరు అనుకుంటున్నారా?" దీనికి ఎవరైనా అవుననే అంటారు. వచ్చినవాళ్లను నొప్పించడం ఎందుకని కూడా అవునంటారు.

పనికొచ్చే ప్రశ్న: "చెరువుల నీళ్లు వదిలినప్పుడు మీరు చూశారా? ఆ రోజు, మర్నాడు ఏం కనిపించింది?"

"ప్లాస్టిక్, మురుగు వల్ల చేపలు తగ్గాయా?" అనేది రెండు ప్రశ్నలు. అవునంటే దేనికి అవునో తెలీదు. విడగొట్టండి.

సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. పెద్ద సంఘటనల పట్టిక దగ్గర పెట్టుకొని "దానికి ముందా, తర్వాతా?" అని అడగండి:

- 2004 డిసెంబర్ 26: సునామీ
- 2015 నవంబర్: పెద్ద వరదలు
- 2016 నవంబర్: నోట్ల రద్దు
- 2020 మార్చి: లాక్‌డౌన్
- 2021 నవంబర్: స్వర్ణముఖి వరద
- 2023 డిసెంబర్: మిచౌంగ్ తుపాను

వీటితో పాటు ఆ ఊరివే రెండు మూడు చేర్చుకోండి: గుడి కట్టిన ఏడు, ఊరికి తారురోడ్డు పడిన ఏడు.

6. చింతగింజలతో పంపకం

"బాగా అంగీకరిస్తాను, కొంత అంగీకరిస్తాను" అనే అయిదు మెట్ల స్కేలు నోటితో అడిగితే పనిచేయదు. రెండో ప్రశ్నకే జనం విసుగుపడి అన్నిటికీ ఒకే మెట్టు చెబుతారు. బొమ్మ కార్డులు, 20 చింతగింజలు తీసుకెళ్లండి.

అరచేయంత అట్టముక్కలు పది కావాలి. వాటి మీద ఈ బొమ్మలు ఉండాలి: చెరువుల నుంచి వదిలే నీళ్లు, ప్లాస్టిక్, తెగి వదిలేసిన వలలు, సన్న కన్ను వలలు (చేప పిల్లలు కూడా పడేవి), మురుగు, నీటికి అడ్డంగా ఉన్న రోడ్డు కట్టలు, ఇసుక తవ్వకం, సముద్రం మేట వేసే ఇసుక, వానలు తగ్గడం. పదోది ఖాళీ కార్డు. "ఇవి కాక ఇంకేదైనా" అని దాని అర్థం.

సముద్రం మేట, వానలేమి అనే రెండు కార్డులు తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది, అవి మనుషులు చేసినవి కావు కదా అని. తీసేయకండి. మనుషుల పనులే పరిచి "ఏది ఎక్కువ?" అని అడిగితే నేరమంతా మనుషుల మీదే పడుతుంది. ఆ ఫలితం మీ కార్డులు పుట్టించింది అవుతుంది.

చాప మీద కార్డులు కలిపి పరచండి. ప్రతి బొమ్మా ఏమిటో చెప్పండి, ఏ ఒక్కదాని దగ్గరా ఆగకండి. "సరస్సుకు ఎక్కువ చెరుపు చేసేదాని మీద ఎక్కువ గింజలు పెట్టండి. అన్నిటి మీదా పెట్టాలని లేదు" అనండి. తర్వాత మాట్లాడకుండా కూర్చోండి.

ఆ నిమిషం చేతిని చూడండి. చాలామంది గుప్పెడు గింజలు ఒక కార్డు మీద పోసి, కాసేపు చూసి, నాలుగు వెనక్కి తీసి సన్న కన్ను వలల మీదికి జరుపుతారు. మొదట ఎన్ని, తర్వాత ఎన్ని అని రెండూ రాసుకోండి. గింజ జరిపేటప్పుడు గొణిగే మాట ఒక్కోసారి అరగంట మాటల కన్నా విలువైనది. "మావాళ్లూ వేస్తున్నారులే" లాంటిది వినిపిస్తే అదే మాటలతో రాయండి. ఎవరని మాత్రం అడగకండి.

7. ఒక జవాబును ఎలా విప్పాలి

నమూనాగా ఒక జవాబు చూద్దాం: "చెరువు నీళ్లు వదిలిన రోజు వల జిడ్డుగా వస్తది, మడవలు అటు రావు."

దీన్ని "ఆక్వా కాలుష్యం" అని రాసుకొని ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. అలా రాస్తే అసలు సమాచారం పోతుంది. అడగాల్సినవి ఇవి:

- జిడ్డంటే నాచులాగానా, బురదలాగానా, నూనెలాగానా?
- చివరిసారి ఎప్పుడు? సంక్రాంతికి ముందా, తర్వాతా?
- వల ఎక్కడ వేశారు? కాలువ కలిసే చోటుకు ఎంత దూరం?
- నీళ్లు వదలడం మీరు చూశారా, జిడ్డును చూసి వదిలారనుకున్నారా?
- ఎన్ని రోజులకు మడవలు తిరిగొచ్చాయి?

కాగితం మీద మూడు గడులు గీసి ఉంచుకోండి: చూసింది, విన్నది, కారణమని అనుకుంటున్నది. పై జవాబులో జిడ్డు మొదటి గడిలోకి, మడవలు రాకపోవడమూ మొదటి గడిలోకే వెళతాయి. చెరువు నీళ్లు ఏ గడిలోకి వెళ్లాలో పై జాబితాలోని నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు చెబుతుంది. ఈ మూడు గడుల పద్ధతి లేని సర్వేకు విలువ ఉండదు. ఎందుకంటే రేపు ఎవరైనా "ఇవన్నీ పుకార్లు" అంటే, కళ్లతో చూసినవాళ్ల సంఖ్యను విడిగా చూపగలగాలి.

8. ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

ఫిబ్రవరి, మార్చి అనుకూలం. సరస్సులో నీళ్లుంటాయి, దారులు ఆరి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు మనుషులు ఇళ్ల దగ్గర దొరుకుతారు, కానీ ప్రతి జవాబులోనూ చేతిలో డబ్బు లేని బాధ కలుస్తుంది. ఆ నెలల్లోనే చేయాల్సి వస్తే నివేదికలో ఆ మాట రాయండి.

తెల్లవారుజామున పడవలు వెళతాయి, పొద్దున ఆడవాళ్లు గంపలతో సంతలకు వెళతారు. మధ్యాహ్నం వలలు బాగుచేసుకునే వేళ, సాయంత్రం నాలుగు తర్వాత మంచి సమయం. తిరుపతి నుంచి రోజూ వచ్చి వెళ్లే ఏర్పాటు పెట్టుకుంటే ఆ సాయంత్రాలే పోతాయి. సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో ఉండండి.

ఒక మనిషితో మాట అరగంట దాటకూడదు. ఒకరు రోజుకు అయిదు ఇళ్లు చేయగలరు. ముగ్గురికి 69 ఇళ్లు అయిదు రోజుల పని. ఆరో రోజు తాళం ఇళ్లకు.

సంచిలో ఉండాల్సినవి:

- ప్రశ్నపత్రాలు 90, అట్ట, పెన్సిళ్లు (తడి చేతులకు పెన్ను పనిచేయదు)
- కార్డులు మూడు కట్టలు, గింజలు 20 చొప్పున మూడు పొట్లాలు, చిన్న చాపలు మూడు
- సంఘటనల పట్టిక, ఇళ్ల జాబితా
- 100 మీటర్ల తాడు, గోనె సంచులు, చేతి తొడుగులు
- ముగ్గుపిండి
- తాగునీళ్లు, టోపీ

పేరు రాయకండి, ఇంటికి ఒక సంఖ్య ఇవ్వండి. మొదలుపెట్టే ముందు చెప్పాల్సిన మాట: "ఇష్టమైతేనే చెప్పండి, మధ్యలో ఆపేయొచ్చు. మీ పేరు ఎక్కడా రాదు. దీనివల్ల పథకం, డబ్బు రావు." ఆఖరి వాక్యం తప్పకుండా చెప్పండి. ప్రశ్నలతో వచ్చే ప్రతి మనిషినీ జనం ఏదో లబ్ధిదారుల జాబితా రాసేవాళ్లే అనుకుంటారు. ఆశ పెట్టి తీసుకున్న జవాబు కష్టాలను పెంచి చెబుతుంది.

9. ఒడ్డు నడక

ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయమనండి. నీళ్లు ఎక్కడ కంపుకొడతాయి, వలలు ఎక్కడ తెగుతాయి, ఒకప్పుడు పీతలు ఎక్కడ దొరికేవి అని గుర్తులు పెట్టించండి. తర్వాత ఇద్దరు ఊరివాళ్లతో ఆ చోట్లకు నడవండి.

ఒడ్డున 100 మీటర్ల తాడు పరిచి ఆ మేర చెత్తను రకాలవారీగా లెక్కపెట్టండి: సంచులు, సీసాలు, థర్మాకోల్, వల ముక్కలు, రొయ్యల మేత సంచులు. ఉప్పదనం కొలిచే చేతి పరికరం కాలేజీ ప్రయోగశాలలో దొరుకుతుంది. డిస్టిల్డ్ నీటితో సున్నాకు సరిచేసి, రెండు చుక్కలు వేసి చూడండి. సముద్రపు నీరు వెయ్యికి 35 దగ్గర ఉంటుంది. నీటి తేటదనానికి 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లెం దించి చూస్తారు. పులికాట్‌లో చాలాచోట్ల పళ్లెం కనుమరుగయ్యే లోపే అడుగుకు తగులుతుంది. అప్పుడు అంకె వేయకుండా "అడుగు కనిపించింది" అని రాయండి.

ఈ కొలతలు ఊరివాళ్ల మాట తప్పని తేల్చడానికి కాదు. మీరు కొలిచేది ఒక్క రోజు, వాళ్లు చూసింది ముప్పై ఏళ్లు.

10. లెక్క కట్టడం

తెరిచిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో 20 తీసుకొని ఇద్దరు వేర్వేరుగా వాటిని రకాలుగా విడగొట్టండి. కనీసం 16 జవాబుల్లో ఇద్దరి మాటా కలవాలి. కలవకపోతే రకాల నిర్వచనాలు సరిచేసి మరో 20తో మళ్లీ చూడండి.

గింజల సగటుతో మోసపోకండి. 20 మందిలో పదిమంది ఒక కార్డు మీద 10 గింజలు పెట్టి పదిమంది ఏమీ పెట్టకపోతే సగటు 5. ఇరవైమందీ తలా 5 పెట్టినా సగటు 5. మొదటిది ఊళ్లో చీలిక, రెండోది ఏకాభిప్రాయం. ప్రతి కార్డుకూ సున్నా పెట్టినవాళ్లు ఎందరో రాయండి.

ఏ వర్గంలోనైనా 30 మందికి తక్కువుంటే శాతాలు వద్దు. "15 ఇళ్లలో 11" అని రాయండి.

చెరువు యజమానులు ఒకటి, సరస్సు జాలర్లు మరొకటి చెబితే సగటు తీసి కలపకండి. రెండు వరుసల్లో పక్కపక్కన పెట్టండి.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకోవడం

*చుట్టూ పదిమంది చేరారు, ఒకరే మాట్లాడుతున్నారు.* దాన్ని ఇంటి జవాబుగా లెక్కపెట్టకండి. గుంపు మాటగా విడిగా రాసుకొని, ఆ ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లండి.

*ఆడవాళ్లను అడిగితే మగవాళ్లు జవాబిస్తున్నారు.* మీ జట్టులో మహిళ ఉండాలి. ఆమె చేపలు ఎండబెట్టే చోటికో, నీళ్ల కుళాయి దగ్గరికో వెళ్లి అడగాలి.

*"మీకు తెలీదా సార్, మీరే చదువుకున్నారు" అంటున్నారు.* ప్రశ్న మార్చకండి. "నేను వల వేయలేదు అన్నా, మీరే చెప్పాలి" అని ఆగండి.

*ఈమధ్యే చేపలు చచ్చి తేలాయి, అందరూ అదే చెబుతున్నారు.* రాసుకోండి, తర్వాత "దానికి ముందు?" అని అడగండి. తేదీని నివేదికలో పెట్టండి.

*సన్న వలలు వాడతారా అని నేరుగా అడిగారు.* ఆ ప్రశ్న కొట్టేయండి. ఎవరూ నిజం చెప్పరు, చెప్పినవాళ్లకు ముప్పు. కార్డు ద్వారా వచ్చింది చాలు.

12. ఫలితం ముందు ఊరికి చూపించండి

కాలేజీకి ఇచ్చే ముందే ఒక పేజీ తెలుగులో రాసి, పెద్ద అక్షరాలతో చార్టు మీద ఎక్కించి ఊళ్లో చదవండి. వాడవాడకూ విడిగా చదవాలి. ఒకే సభ పెడితే యానాదులు, ఆడవాళ్లు వెనక నిలబడతారు.

ఎవరైనా "ఇది మా మాట కాదు" అంటే వాదించకండి. ఆ అభ్యంతరాన్ని ఆ అంకె పక్కనే రాసి నివేదికలో అలాగే ఉంచండి.

ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి కుల పెద్దల దగ్గర, ఒకటి యానాదుల వాడలో ఇవ్వండి. చెరువుల నీటి విషయం గట్టిగా వస్తే ఊరివాళ్లు మత్స్యశాఖకు, చెన్నైలోని తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాసుకోవచ్చు. తీరంలోని చెరువులు 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ అర్జీకి మీ మూడు గడుల్లో మొదటిది, అంటే "చూసింది" అన్న గడి, చోటుతో నెలతో సహా జత చేయండి. ఎవరు చెప్పారో తెలిసిపోయే వివరాలు తీసేశాకే ఇవ్వాలి.

ఖాళీ కార్డు మీద పడిన గింజల్ని చివరగా మరోసారి చూడండి. అయిదుగురికి పైగా ఒకే విషయం చెప్పి ఉంటే దానికి బొమ్మ వేయించి, వచ్చే ఊరి సర్వేకు పదకొండో కార్డుగా కట్టలో చేర్చండి. గింజలు 22 చేయండి.